సందు వెడల్పు కాదు, అతుకు కదలికే అసలు చిక్కు: ఇంప్లాంట్ పళ్లలోకి చేరే బ్యాక్టీరియా కథ

1993లో బెల్జియంలోని ల్యూవెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మార్క్ క్విరినెన్, డేనియల్ వాన్ స్టీన్‌బర్గె తొమ్మిది మంది పేషెంట్ల ఇంప్లాంట్ల నుంచి లోపలి స్క్రూలు విప్పి బయటికి తీశారు. వాటి అడుగు కొనలకు అంటుకుని ఉన్నదాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టి చూశారు. ఒక్క స్క్రూ కూడా శుభ్రంగా లేదు. అన్నింటి మీదా సూక్ష్మజీవులు ఉన్నాయి, ఎక్కువ భాగం గుండ్రటి కాకస్ రకాలు. ఆ కొన ఉండేది దవడ ఎముక లోపల, టైటానియం గొట్టం అడుగున. అక్కడికి బ్రష్ చేరదు, పుక్కిలించిన మందు చేరదు, రక్తంలోని రక్షక కణాలూ చేరవు. బ్యాక్టీరియా మాత్రం చేరింది.

అప్పటి నుంచి అది ఎలా చేరిందన్న ప్రశ్న మీద వందల ప్రయోగాలు జరిగాయి. ఇంప్లాంట్ భాగాలు కలిసే అతుకు దగ్గర ఎంత సందు ఉంది, ఏ తరహా అతుకులో ఎంత కారుతోంది, ఆ కారడం వల్ల పేషెంటుకు నిజంగా జరుగుతున్న నష్టం ఎంత అని తరచి చూస్తూనే ఉన్నారు. మొదటి రెండు ప్రశ్నలకు జవాబులు చాలావరకు దొరికాయి. కంపెనీల బ్రోచర్లలో కనిపించేదీ ఆ రెండే. పేషెంటుకు కావలసింది మూడోదానికి జవాబు.

ఇంప్లాంట్ పన్నంటే ముఖ్యంగా మూడు భాగాలు. ఎముకలోకి బిగించే టైటానియం వేరు ఒకటి, దాని మీద నిలబడి చిగురు దాటి పైకి వచ్చే అబట్‌మెంట్ రెండోది, కంటికి కనిపించే క్యాప్ మూడోది. వేరునీ అబట్‌మెంట్‌నీ కలిపి పట్టి ఉంచేది మధ్యలోంచి దిగే చిన్న స్క్రూ. రెండు లోహపు ముక్కల్ని ఎంత నునుపుగా కోసినా, ఒకదాని మీద ఒకటి కూర్చున్నాక మధ్యన కొంత సందు మిగలక తప్పదు. బాగా తయారైన భాగాల్లో అది 10 మైక్రాన్ల లోపే ఉంటుంది. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. నోట్లో కాపురం ఉండే స్ట్రెప్టోకాకస్ ఒక్కొక్కటి ఒక మైక్రాన్‌కు అటూ ఇటూ ఉంటుంది. కాబట్టి మనకు సందే లేదనిపించే చోట దానికి బోలెడంత దారి.

అసలు రెండు ముక్కలుగా చేయడం ఎందుకన్న ప్రశ్నకు జవాబు స్వీడన్‌లో ఉంది. గోథెన్‌బర్గ్‌లో పెర్ ఇంగ్వార్ బ్రానెమార్క్ 1965లో తొలి పేషెంటుకు టైటానియం వేర్లు వేశాడు. ఎముక ఆ లోహాన్ని పట్టుకోవాలంటే కొన్ని నెలలు దాని మీద ఏ భారమూ పడకూడదని ఆయన నమ్మకం. అందుకే వేరును ఎముకలో దించి, పైన చిగురు కుట్టేసి, అది మానాక మళ్లీ తెరిచి అబట్‌మెంట్ బిగించేవాడు. ఆ వేరు తల మీద 0.7 మిల్లీమీటర్ల ఎత్తున ఒక షడ్భుజి ఉండేది. వేరును ఎముకలోకి తిప్పి దించేటప్పుడు పనిముట్టుకు పట్టు దొరకడానికి పెట్టిన షడ్భుజి అది. తరవాతి కాలంలో ఒంటి పళ్లు కట్టడం మొదలయ్యాక, క్యాప్ తిరగకుండా ఆపే బాధ్యతా దాని మీదే పడింది. అందుకోసం రూపొందించింది కాకపోవడంతో పక్క నుంచి పడే బలానికి అంత పొట్టి షడ్భుజి సరిగా ఆగేది కాదు. స్క్రూలు వదులవడం ఆ తొలితరం ఒంటి పళ్లలో తరచూ వినిపించిన ఫిర్యాదు.

1997లో జర్మనీలో యాన్సెన్ బృందం తొమ్మిది కంపెనీల పదమూడు రకాల జోడింపుల్ని పరీక్షకు పెట్టింది. ఇంప్లాంట్ లోపల ఇ. కోలై బ్యాక్టీరియాను ఉంచి, అబట్‌మెంట్ బిగించి, పోషక ద్రవంలో ముంచారు. సందులు సగటున 10 మైక్రాన్ల లోపే ఉన్నాయి. అయినా బ్యాక్టీరియా బయటికి రాని రకం ఒక్కటీ లేదు. ఆ తరవాత ఇదే పద్ధతిలో రంగు నీళ్లతో, నోటి బ్యాక్టీరియాతో, ఫంగస్‌తో, జన్యు పరీక్షలతో ప్రయోగాలు వరసగా వచ్చాయి. కొన్నిట్లో కొన్ని రకాలు ఆగాయి, మరికొన్నిట్లో అవే రకాలు కారాయి.

ఒకే రకానికి రెండు ఫలితాలు రావడానికి కారణం ప్రయోగశాల బల్ల మీదే కనిపిస్తుంది. ఇంప్లాంట్ లోపలి ఖాళీలో పట్టేది కొన్ని మైక్రోలీటర్ల ద్రవమే. పరిశోధకుడు పిపెట్‌తో ఒక బొట్టు ఎక్కువ వేస్తే, స్క్రూ దిగుతున్నకొద్దీ ఆ ద్రవం పైకి తన్నుకొచ్చి అతుకు బయటికి పొంగుతుంది. బిగించడం పూర్తవకముందే బ్యాక్టీరియా బయట పడుతుంది. మర్నాడు పోషక ద్రవం మసకబారితే దాన్ని కారినట్టే రాసుకుంటారు. తక్కువ వేస్తే ఆ ద్రవం అతుకు దాకా అందనే అందదు, దాంతో కారడం లేదని రాసుకుంటారు. బయటి నుంచి లోపలికి పరీక్షించే పద్ధతిలో ఇంకో చిక్కుంది. చివర స్క్రూ విప్పేటప్పుడు అంచుకు అంటుకున్నది లోపల పడకుండా చూడటం చాలా కష్టం. పైగా ఇ. కోలై నోట్లో సహజంగా ఉండే జీవి కాదు, పేగుల్లో ఉండేది. సులువుగా పెరుగుతుందని వాడారు. ఈ పరిమితులు తెలిసినవాళ్లు ఏ ఒక్క ప్రయోగాన్నీ పట్టుకుని ఫలానా కంపెనీ అతుకు కారదని చెప్పరు.

బ్యాక్టీరియాను ఆపగలిగినా, అది విడుదల చేసే విషపదార్థాల సంగతి వేరే ఉంది. గ్రామ్ నెగెటివ్ రకాల పైపొర నుంచి ఊడే ఎండోటాక్సిన్ బ్యాక్టీరియా కంటే ఎన్నో రెట్లు చిన్నది. ఎముకను కరిగించే కణాల్ని రెచ్చగొట్టడానికి బతికున్న బ్యాక్టీరియాతో పని లేదు, ఇది చాలు. 2010లో జర్మనీలోని కీల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎండోటాక్సిన్‌తో పరీక్షించినప్పుడు, గట్టివని పేరున్న, అబట్‌మెంట్ వాలుగా వేరు లోపలికి దిగే శంకు తరహా అతుకులు కూడా దాన్ని పూర్తిగా ఆపలేకపోయాయి.

ఇక శరీరం ఏం చేస్తుందన్నది చూడాలి. 1995లో ఎరిక్సన్ బృందం బీగిల్ కుక్కల్లో ఇంప్లాంట్లు వేసి, రోజూ శుభ్రంగా తోమి, పాచి పట్టకుండా కాపాడింది. అయినా వేరూ అబట్‌మెంటూ కలిసే చోట చిగురు లోపల వాపు కణాల గుంపు ఒకటి కనిపించింది. ఎముక అంచు ఆ అతుకుకు 1 నుంచి 1.5 మిల్లీమీటర్ల కిందికి జరిగిపోయి ఉంది. 2003లో బ్రొజీని బృందం ఇదే విషయాన్ని లెక్కగట్టి చూపింది. ఒకే ముక్కగా చేసిన ఇంప్లాంట్ల చుట్టూ వాపు కణాలు ఎక్కడా గుంపు కట్టలేదు. రెండు ముక్కల వాటిలో మాత్రం అతుకుకు సుమారు అర మిల్లీమీటర్ పైన న్యూట్రోఫిల్స్ అనే వాపు కణాలు గుంపుగా చేరాయి. అతుకు ఎముకలోకి ఎంత లోతుగా ఉంటే ఆ కణాలు అంత ఎక్కువయ్యాయని అదే బృందం 2006లో చెప్పింది.

ఇక్కడిదాకా చదివిన ఎవరికైనా సందు ఎంత తగ్గితే నష్టం అంత తగ్గుతుందనే అనిపిస్తుంది. ఆ ఊహను నేరుగా పరీక్షించిన ప్రయోగం 2001లో వచ్చింది. ఈ మొత్తం సాహిత్యంలో నిలిచి చదవాల్సింది ఏదంటే అదే.

యోఆకిమ్ హెర్మన్, డేవిడ్ కాక్రన్, వారి సహచరులు అయిదు కుక్కల దవడల్లో అరవై ఇంప్లాంట్లు వేశారు. సందును కావాలనే మూడు కొలతల్లో చేయించారు: 10 మైక్రాన్ల లోపు ఒకటి, 50 మైక్రాన్లు ఒకటి, 100 మైక్రాన్లు ఒకటి. ఒక్కో కొలతలో మళ్లీ రెండు జట్లు. ఒక జట్టులో అబట్‌మెంట్‌ను మామూలుగా స్క్రూతో బిగించారు. రెండో జట్టులో అంచున అక్కడక్కడా లేజర్‌తో వెల్డింగ్ చుక్కలు పెట్టారు. చుక్కల మధ్య సందు తెరిచే ఉంటుంది, బ్యాక్టీరియా రాకపోకలకు అడ్డేమీ లేదు. కానీ రెండు ముక్కలూ ఒకదాని మీద ఒకటి కదలలేవు. కొన్ని నెలల తరవాత ఎముకను పలచగా కోసి మైక్రోస్కోప్ కింద కొలిచారు.

సందు వెడల్పును బట్టి ఎముక నష్టం మారలేదు. వెల్డింగ్ ఉందా లేదా అన్నదాన్ని బట్టే మారింది. 100 మైక్రాన్ల సందున్నా కదలని అతుకు దగ్గర ఎముక తక్కువ పోయింది. 10 మైక్రాన్ల లోపు సందున్నా స్క్రూ ఒక్కటే పట్టుకున్న చోట ఎక్కువ పోయింది. అవి కుక్కలు, ఆ ఇంప్లాంట్ల మీద నమిలే భారం వేయలేదు అన్న పరిమితులు ఉన్నాయి. అయినా మైక్రాన్ల పోటీ మీద నడుస్తున్న వాదనను ఇది కదలిక మీదికి మళ్లించింది.

కదలికతో సందుకు సంబంధమేమిటో ఫ్రాంక్‌ఫర్ట్‌లో హోల్గర్ జిప్రిచ్ బృందం 2007లో కంటికి చూపించింది. ఇంప్లాంట్ మీద పక్కవాటుగా, 30 డిగ్రీల కోణంలో 200 న్యూటన్ల దాకా బలం వేస్తూ అతుకును ఎక్స్-రే కెమెరాతో వీడియో తీశారు. వదులు అమరిక ఉన్న అతుకులు బలం పడినప్పుడల్లా ఒక పక్క తెరుచుకుని, బలం తీయగానే మూసుకున్నాయి. తెరుచుకున్నప్పుడు బయటి ద్రవం లోపలికి లాగబడుతుంది, మూసుకున్నప్పుడు లోపలిది బయటికి నెట్టబడుతుంది. బల్ల మీద కదలకుండా ఉన్న ఇంప్లాంట్ గురించి రాసిన సంఖ్యలు నమిలే నోటికి ఎందుకు సరిపోవో దీంతో తెలిసిపోతుంది. 2005లో స్టైనెబ్రునర్ బృందం నమిలే యంత్రంలో పన్నెండు లక్షల సార్ల దాకా నొక్కుతూ పరీక్షించింది. అయిదు రకాల్లో ఒక్కొక్కటీ ఒక్కో దశలో కారడం మొదలుపెట్టింది. ఎన్నో నొక్కుకి మొదలైందన్నదే వాటి మధ్య తేడా.

కదలిక తగ్గించే ప్రయత్నాల్లో ముఖ్యమైనది శంకు అతుకు. స్టీఫెన్ మోర్స్ 1864లో అమెరికాలో డ్రిల్లు బిట్లను పట్టి ఉంచడానికి కనిపెట్టిన ఏటవాలు అమరికే దీనికి మూలం. సీసాకు బిగించిన బిరడాలా, అబట్‌మెంట్ కొద్దిపాటి వాలుతో వేరు లోపలికి దిగి గోడల రాపిడితో పట్టుకుంటుంది. కంపెనీని బట్టి ఆ వాలు మారుతుంది: స్ట్రామన్‌లో 8 డిగ్రీలు, యాస్ట్రాలో 11, యాంకిలోస్‌లో 5.7. బైకాన్‌లో 1.5 డిగ్రీలే, అందులో స్క్రూ లేకుండానే తట్టి దించుతారు. 2005లో బోస్టన్‌లో డిబార్ట్ బృందం బైకాన్ తరహా అతుకును నోటి బ్యాక్టీరియాతో పరీక్షించి, లోపలికి ఏదీ చేరలేదని రాసింది. అది కదలిక లేని పరీక్షన్నది గుర్తుంచుకోవాలి. మొత్తం మీద శంకు అతుకులు చదునైన అతుకుల కంటే తక్కువ కదులుతాయి, తక్కువ కారుతాయి. అంతవరకు సాక్ష్యం బలంగా ఉంది. అసలే కారవనడానికి మాత్రం సాక్ష్యం లేదు. ఇటలీలో కనుల్లో బృందం అయిదేళ్లుగా నోట్లో పనిచేస్తున్న ఇంప్లాంట్ల లోపలి నుంచి నమూనాలు తీసి 2015లో ప్రచురించింది. రకాల్లో, మోతాదుల్లో తేడాలున్నా ఏ తరహా అతుకూ పూర్తిగా శుభ్రంగా లేదు.

అతుకు కారక తప్పనప్పుడు దాన్ని ఎముకకు దూరంగా జరపడం రెండో మార్గం. స్విట్జర్లాండ్‌లో ఆండ్రే ష్రోడర్ బృందం 1970ల నుంచే వేరు పైభాగాన నునుపైన కాలరు పెట్టి, అతుకును చిగురు పైకి తెచ్చింది. ఎముకకు ఎడం దొరికింది, బ్రష్‌కు అందింది. ముందు పళ్ల దగ్గర లోహం కనిపిస్తుందన్న భయమే దాని వాడకాన్ని పరిమితం చేసింది.

అతుకును పక్కకు జరిపే ఉపాయం అనుకోకుండా దొరికింది. 1991లో అమెరికాలోని త్రీ ఐ కంపెనీ 5 మిల్లీమీటర్ల లావు వేర్లు మార్కెట్లోకి తెచ్చింది, వాటికి సరిపోయే లావు అబట్‌మెంట్లు మాత్రం ఇంకా తయారవలేదు. చేసేదిలేక డాక్టర్లు 4.1 మిల్లీమీటర్ల అబట్‌మెంట్లే బిగించారు; దాంతో అతుకు వేరు అంచు నుంచి లోపలికి జరిగింది. ఏళ్లు గడిచాక ఎక్స్-రేలు చూస్తే ఎముక మామూలుగా తగ్గినంత తగ్గలేదు. ప్లాట్‌ఫామ్ స్విచింగ్ అన్న పేరుతో దీన్ని 2006లో లజారా, పోర్టర్ వివరించారు. 2010లో అతియే బృందం అందుబాటులో ఉన్న అధ్యయనాల్ని కలిపి చూస్తే, సగటున 0.37 మిల్లీమీటర్ల ఎముక ఎక్కువ మిగిలింది. లాభం ఉంది, కానీ కొద్దిపాటిదే.

ఇంత సాక్ష్యం తరవాత ఎముక నష్టమంతా ఈ సందు వల్లే అనడం సులువు. అది తొందరపాటు. అడెల్ బృందం 1981లో ప్రచురించిన పదిహేనేళ్ల లెక్కలో 371 మంది పేషెంట్లకు వేసిన 2768 బ్రానెమార్క్ వేర్లు ఉన్నాయి. వాటి చుట్టూ మొదటి ఏడాది పూర్తయ్యేసరికి సగటున 1.5 మిల్లీమీటర్ల ఎముక తగ్గింది, ఆ తరవాత ఏటా 0.1 మిల్లీమీటరే. అతుకు కారుతూనే ఉన్నా చాలా చోట్ల ఎముక ఒక స్థాయిలో నిలబడింది. లిథువేనియాలో టొమాస్ లింకెవిచియుస్ 2009లో ఇంకో కోణం చూపాడు: చిగురు 2 మిల్లీమీటర్ల కంటే పలచగా ఉన్న చోట, అతుకు ఎముకకు పైన ఉన్నా మొదటి ఏడాదిలో ఎముక గణనీయంగా తగ్గింది. 2009లోనే థామస్ విల్సన్ ఇంకో దోషిని పట్టుకున్నాడు. ఇబ్బంది వచ్చిన ఇంప్లాంట్లలో 81 శాతం చోట్ల, క్యాప్ అతికించినప్పుడు మిగిలిపోయిన సిమెంటు చిగురు కింద కనిపించింది. దాన్ని తీసేశాక నాలుగింట మూడొంతుల దాకా సర్దుకున్నాయి. 2017లో అంతర్జాతీయ నిపుణుల సదస్సు ఇంప్లాంట్ చుట్టూ వచ్చే ఎముక జబ్బుకు మూలకారణం పైన పట్టే పాచేనని నిర్ధారించింది. పాత చిగుళ్ల జబ్బు, సరిగా శుభ్రం చేసుకోకపోవడం, క్రమం తప్పకుండా చూపించుకోకపోవడం ప్రమాదాన్ని పెంచేవాటిలో ముందున్నాయి. పొగతాగడం, అదుపులో లేని షుగర్ గురించి సాక్ష్యం ఇంకా పూర్తిగా తేలలేదని ఆ సదస్సే రాసింది. అయినప్పటికీ ఏ డాక్టరైనా ఆ రెండింటి గురించీ అడిగే తీరాలి.

ఈ రెండు వైపుల సాక్ష్యాన్నీ కలిపి చూస్తే తేలేది ఇది. మొదటి ఏడాదిలో తగ్గే మిల్లీమీటరో మిల్లీమీటరున్నరో ఎముకలో అతుకు వాటా స్పష్టంగా ఉంది. ఏళ్ల తరవాత చీము పట్టి ఎముకను తినేసే జబ్బులో దాని వాటా ఎంతన్నది మనుషుల మీద జరిగిన దీర్ఘకాల పరీక్షలతో ఇంకా తేలలేదు. ఈ రెండిటినీ ఒకటిగా కలిపేసి పేషెంటును భయపెట్టడం గానీ, ఫలానా అతుకు కొంటే జబ్బు రాదని నమ్మించడం గానీ తప్పు.

సందును మూసే మందులూ సాధనాలూ వచ్చాయి: క్లోర్‌హెక్సిడిన్ జెల్, సిలికోన్ రింగులు, గ్యాప్‌సీల్ లాంటి పేస్టులు. జెల్ లోపలి బ్యాక్టీరియాను కొన్ని నెలల పాటు తగ్గిస్తుందని క్లినిక్ పరీక్షలు చూపాయి. ప్రమాదమేమీ లేదు, ఖర్చూ తక్కువే, వాడితే మంచిదే. కానీ కదిలే అతుకును ఏ పేస్టూ కదలకుండా ఆపలేదు.

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఇప్పుడు కొరియా, ఇజ్రాయెల్, స్విట్జర్లాండ్, స్వీడన్, దేశీయ కంపెనీల ఇంప్లాంట్లు అన్నీ దొరుకుతున్నాయి. వేరు ఏ కంపెనీదన్నదాని మీద పెట్టే శ్రద్ధ దాని మీద కూర్చునే అబట్‌మెంట్ ఎక్కడిదన్నదాని మీద ఉండదు. ఖర్చు తగ్గించుకోవడానికి ప్లాస్టిక్ నమూనా పెట్టి ల్యాబులో పోతపోసిన అబట్‌మెంట్ వాడుతుంటారు, లేదా ఇంకెవరో తయారుచేసిన సరిపోయే భాగం తెస్తారు. పోత లోహం చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది, అంచు గరుకవుతుంది, ల్యాబులో రుద్ది నునుపు చేస్తే ఆ కొలత ఇంకా మారుతుంది. యంత్రంతో కోసిన అసలు భాగం కూర్చున్నంత బిగువుగా అది కూర్చోదు. ఖరీదైన వేరు కొని, చవక అబట్‌మెంట్ పెట్టించుకుంటే ఆదా చేసింది అతుకు దగ్గరే.

బిగింపు కూడా అంతే. టెల్ అవీవ్‌లో గ్రాస్ బృందం 1999లో చూపినట్టు, ఒకే అతుకు 10 న్యూటన్ సెంటీమీటర్ల బిగింపులో కారినంతగా 20లో కారదు. చేత్తో బిగిస్తే కంపెనీ చెప్పిన బిగింపు రాదు. టార్క్ రెంచ్ పట్టి, కొలత చూసి బిగించాలి. స్క్రూ మరల మీద ఉండే అతి చిన్న ఎగుడుదిగుళ్లు బలానికి అణిగిపోవడం వల్ల తొలి నిమిషాల్లోనే పట్టు 2 నుంచి 10 శాతం దాకా సడలుతుంది. అందుకే పది నిమిషాలు ఆగి రెండోసారి అదే కొలతకు బిగించమంటారు. కుర్చీలో పేషెంటు లేచిపోదామని తొందరపడినా ఆ పది నిమిషాలు వదిలేయకూడదు. అబట్‌మెంట్‌ను పదేపదే విప్పి బిగించడమూ మంచిది కాదు. అలా చేసిన చోట చిగురు అతుకు వద్ద తెగి, ఎముక వెనక్కి జరిగిందని స్వీడన్‌లో అబ్రహామ్సన్ బృందం 1997లో కుక్కల్లో చూపింది.

వేసవిలో వచ్చి ఇక్కడ వేరు వేయించుకుని, క్యాప్ డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో పెట్టించుకునే తెలుగు కుటుంబాలు కొన్ని ఉన్నాయి. వారికి ఈ వివరాలు ఇంకా అవసరం. వేరు కంపెనీ, మోడల్, వ్యాసం, పొడవు, లాట్ నంబరు, అబట్‌మెంట్ రకం, బిగించిన కొలత రాసిన కార్డు డాక్టర్ దగ్గర అడిగి తీసుకోవాలి. అది లేకపోతే అక్కడి డాక్టర్ ఎక్స్-రే చూసి కంపెనీని ఊహించాల్సి వస్తుంది. ఊహ తప్పితే సరిపోని భాగం ఆ వేరు మీద కూర్చుంటుంది. క్యాప్ పెట్టిన రోజు తీసిన ఎక్స్-రే కాపీ కూడా దగ్గర ఉంచుకోవాలి. మూడేళ్ల తరవాత ఎముక తగ్గిందో లేదో దాంతో పోల్చే చూస్తారు.

నమిలేటప్పుడు క్యాప్ సన్నగా కదిలినట్టనిపించినా, చిగురు దగ్గర రక్తం కనిపించినా ఆ వారంలోనే చూపించుకోవాలి. చాలామంది ఆ పక్కన నమలడం మానేసి నెలలు గడిపేస్తారు. ఆ నెలల్లో వదులైన అతుకు ప్రతి ముద్దకీ తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. డాక్టర్ దగ్గర పని పెద్దదేమీ కాదు: పైరంధ్రం తెరిచి, లోపలి టెఫ్లాన్ టేపు తీసి, స్క్రూ విప్పి, లోపల క్లోర్‌హెక్సిడిన్‌తో కడిగి, వంగిందో అరిగిందో అనుమానముంటే పాత స్క్రూ పారేసి కొత్తది వేసి, కొలత ప్రకారం బిగిస్తారు. ఆలస్యమైతే లోపలే స్క్రూ విరిగిపోతుంది. వేరు లోపల ఇరుక్కున్న ఆ ముక్కను బయటికి తీయడం మాత్రం గంటల పని, కొన్నిసార్లు వేరుకు వేరే పోతుంది.